తోక మీద తగువు

ఎర్జురుమ్‌లో జనవరి, ఐదింటికే చీకటి.
ప్రజా విద్యా కేంద్రం, రెండో అంతస్తు,
కుట్టు మిషన్ల గదిలో నా టర్కిష్ క్లాసు.
పగలు ఇక్కడ దిండు గలీబులు కుడతారు.
బల్లల సందుల్లో ఇంకా దారపు పోగులు.
రాత్రిపూట మేం క్రియలకు తోకలు కుడతాం.

ఈవేళ పాఠం గతం.
మాకు రెండున్నాయి.
కళ్ళారా చూసినదానికి ‘ది’.
చూడనిదానికి ‘మిష్’.

అతను వెళ్ళాడు:
వీధి మలుపు దాకా నా చూపు వెంట నడిచింది.
అతను వెళ్ళాడట:
ఎవరో చెప్పారు,
లేదా గుమ్మం దగ్గర బూట్లు లేవు.
నిద్రలో జరిగినదానికీ ఈ రెండోదే.
కునుకు పట్టిన వాడు తన కునుక్కి తాను సాక్షి కాడు గదా.

‘మాకూ ఉంది ఇలాంటిది’ అంది జార్జియా నానులి,
ముసలమ్మలకు స్నానం పోసి పోసి నానిన వేళ్ళతో పెన్సిలు తిప్పుతూ.
గుల్ ఆఘా చెయ్యెత్తాడు:
‘గొర్రె తప్పిపోయింది. పొద్దున లెక్కపెడితే తెలిసింది. ఏ తోక?’
మిష్, అన్నాను.
‘అడుగుల జాడ చూశాను టీచర్.’
జాడ చూశావు, పోవడం చూడలేదు.
‘మీ భాష పోలీసువాడిలా అడుగుతుంది’ అన్నాడు.
అందరం నవ్వాం.
అతని నవ్వు మాత్రం తొందరగా అయిపోయింది.

తర్వాత హమ్దాన్ నోటుబుక్కు.
దైర్ అజ్జోర్‌లో అతనికో రొట్టెల బట్టీ.
నీలం సిరాతో, గుండ్రంగా, ఒకే వాక్యం:
మా బట్టీ కూలింది.
చివర ‘ది’.
నా ఎర్ర పెన్ను అలవాటుగా సున్నా చుట్టేసింది.
అప్పటికి మీరు ఇక్కడే ఉన్నారు గదా హమ్దాన్?

అతను మాట్లాడలేదు. ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.
పదకొండు సెకన్లు.
ఒక బోర్డు, ఒక గోడ, దుమ్ము,
కెమెరా వెనక ఎవరిదో దగ్గు.
‘చూశాను’ అన్నాడు.
తోక మీద వేలు పెట్టి,
‘ది.’

ఇక క్లాసు రెండుగా చీలింది.
అద్దం వెనక చూసింది చూపు కాదు, అంది నుహాద్.
అయితే కళ్ళజోడు పెట్టుకున్న నా బతుకంతా మిష్షేనా, అంది నానులి.
దగ్గినవాడు చూశాడు, మనం అతని దగ్గు విన్నాం, అన్నారెవరో వెనక వరసలోంచి.
గుల్ ఆఘా మెల్లగా, దెబ్బకు దెబ్బ:
‘దుమ్ము చూశావు అన్నా, కూలడం కాదు.’
హమ్దాన్ మళ్ళీ వేశాడు.
నాలుగో సెకను దగ్గర ఆపి పట్టుకున్నాడు.
పొగగొట్టం ఒరుగుతోంది, ఇంకా పడలేదు.
‘ఇది దుమ్మా?’

అందరూ నా వైపు తిరిగారు.
నా పాఠ్యపుస్తకం పాతది.
అందులో ఫోన్ అంటే గోడకు వేలాడేది.
అరవై ఒకటో పేజీలో ఒకడు సినిమా కథ
చెల్లెలికి చెబుతాడు, అంతే,
బట్టీల సంగతి లేదు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా,
నేను మంచు తుఫానులో పుట్టానట.
ఫారాల మీద మాత్రం ‘పుట్టాను’ అనే రాస్తాను,
మంత్రసాని పక్కన నిలబడి దీపం పట్టినదానిలా.
ఇన్నేళ్ళలో ఏ గుమాస్తా సున్నా చుట్టలేదు.

ఎర్ర సిరా చెరగదు.
ఆ సున్నా పక్కనే టిక్కు పెట్టాను.
రెండూ ఉన్నాయి అతని పుస్తకంలో,
ఏది దేనికో రేపు అడిగితే
చెప్పలేను.

తొమ్మిదింటికి కింది తలుపు తీశాం.
ముందు హమ్దానే ఆగాడు.
కార్ల మీద జానెడు తెలుపు, ఎవరూ తొక్కని మెట్లు.
మేం పైన తగువులాడుతుంటే
చప్పుడు లేకుండా తన పని కానిచ్చుకుంది.
‘కార్ యామిష్’ అన్నాడు.
మంచు కురిసినట్టుంది.
ఎవరూ అడగలేదు. తోక సరిగ్గా పడింది.

శభాష్ అందామనుకున్నాను.
అప్పటికే అతను మెట్లు దిగుతున్నాడు, ఫోన్ చొక్కా లోపల దాచుకుని.
బస్సు వచ్చింది.
ఇది మటుకు చూశాను.